సర్టిఫికెట్ గోడకు ఉంది సరే, వంటింట్లోకి వెళ్లారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో స్కూల్ అడ్మిషన్ల గురించీ, బస్ పాస్‌ల గురించీ కూడా ఉన్నాయి. అవి వచ్చే సంచికలో చూద్దాం. ఈ నెల మాత్రం మొత్తం హోమ్‌ల గురించే. మేధో వైకల్యం ఉండి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లను పదిమందినో పదిహేనుమందినో ఒక ఇంట్లో ఉంచి చూసుకునే చిన్న హోమ్‌ల గురించి ఆరుగురు రాశారు. ఒకరు చెల్లెను చేర్చబోతున్నారు, ఒకరు స్వయంగా హోమ్ నడుపుతున్నారు, ఒకరైతే గోడ అవతల నుంచి వినపడేది విని నిద్రపట్టక రాశారు. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు, వేయడం లేదు.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పని చేసిన రోజుల్లో తనిఖీకి వెళ్లేవాళ్లు నన్ను కూడా జీపులో ఎక్కించుకునేవాళ్లు, ఎక్కువగా రిజిస్టర్లు చదివి పెట్టడానికి. అక్కడ చూసినదాన్ని బట్టే ఈ జవాబులు. చట్టం మాటలు అవసరమైన చోట మాత్రమే చెప్తాను.

ప్రశ్న: అక్కా, మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా చెల్లెకు 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచి బుద్ధి ఎదగలేదు, ఫిట్స్ కూడా వస్తాయి. పోయిన సంక్రాంతి తర్వాత మా అమ్మ చనిపోయింది. అప్పటిదాకా తల దువ్వడం నుంచి అన్నం కలిపి పెట్టడం దాకా అన్నీ అమ్మే చూసుకునేది. నేను లారీ మీద పోతా, నా భార్య కూలికి పోతది, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. నల్లగొండ చివర ఒక కిరాయి ఇంట్లో 14 మందిని ఉంచే హోమ్ ఉందంటే పోయి చూసొచ్చిన. సర్టిఫికెట్ గోడకు ఉంది, నేల తళతళ మెరుస్తుంది, సారు కూడా మంచిగ మాట్లాడిండు. అయినా మనసు ఒప్పుకుంటలేదు. చేర్చే ముందు ఏం చూడాలె?

జవాబు: తమ్ముడూ, మనసు ఒప్పుకునేదాకా అడ్వాన్స్ కట్టకండి, అంతే. ముందు గోడ మీది కాగితం సంగతి తేల్చేద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 50వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదు, ప్రభుత్వం సొంతంగా నడిపేవాటికి మినహాయింపు ఉంది. ఆ సర్టిఫికెట్ అందరికీ కనపడేలా పెట్టాలని కూడా చట్టమే చెప్పింది. కాకపోతే మన దగ్గర ఫ్రేమ్ కట్టించినదల్లా సర్టిఫికెట్ అనుకుంటాం. ట్రస్టు రిజిస్ట్రేషన్ కాగితం, విరాళాలకు పన్ను మినహాయింపు కాగితం, ఎప్పుడో ఎవరో నాయకుడి చేతుల మీదుగా తీసుకున్న ప్రశంసాపత్రం, అన్నీ ఒకే వరుసలో వేలాడుతుంటాయి, అన్నిటి మీదా ముద్రలు ఉంటాయి. దగ్గరికి వెళ్లి చదవండి. ఏ చట్టం కింద ఇచ్చారు, ఏ చిరునామాకు ఇచ్చారు, ఏ తేదీ దాకా చెల్లుతుంది. పిల్లల హోమ్‌లకు బాలల న్యాయ చట్టం కింద ఇచ్చే రిజిస్ట్రేషన్ వేరే, అది చూపించి 34 ఏళ్ల మనిషిని చేర్చుకోవడానికి లేదు. అనుమానం ఉంటే ఫోన్‌లో ఫొటో తీసుకుని కలెక్టరేట్‌లో జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసుకు వెళ్లి ఇది ఇప్పుడు నడుస్తోందా అని అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కాగితం అసలుదే అనుకుందాం. దాన్ని బట్టి ఏదో ఒక రోజు ఒక అధికారి వచ్చి వెళ్లాడని తెలుస్తుంది. మిగతా రోజుల సంగతి తెలియాలంటే మీరు ఇంకో మూడుసార్లు వెళ్లాలి, అదీ చెప్పకుండా. పొద్దున ఆరున్నరకు ఒకసారి వెళ్లండి, అది స్నానాల వేళ. రాత్రి అన్నాల వేళకు ఒకసారి. ఆదివారం మధ్యాహ్నం ఒకసారి, ఎందుకంటే స్టాఫ్ సెలవు పెట్టేది ఆ రోజే. చేర్చేదాకా లోపలికి రానివ్వం అంటే అర్థం చేసుకోవచ్చు, మిగతావాళ్ల మర్యాద కూడా చూడాలి కదా, స్నానాల గదిలోకి తొంగి చూడమని నేను చెప్పడం లేదు. కానీ హాల్లో కూడా కూర్చోనివ్వకపోతే ఆ హోమ్ మనకొద్దు.

కూర్చున్నాక ఏం చూడాలంటే, నేనైతే ముందు టూత్ బ్రష్‌లు చూస్తాను. 14 మంది ఉంటే 14 బ్రష్‌లు, పేరో గుర్తో ఉండి, తడిగా ఉండాలి. ఎండిపోయిన బ్రష్‌లు వరసగా పేర్చి ఉన్నాయంటే అవి మనకు చూపించడానికే పెట్టారన్నమాట. తువ్వాళ్లు అంతే, చెప్పులు అంతే. బట్టలు ఎవరివి వాళ్లకు వేరుగా ఉన్నాయా, లేక ఉతికి ఒక కుప్పగా పోసి దొరికిన నైటీ దొరికినవాళ్లకు తొడుగుతున్నారా? మీ చెల్లెకు నెలసరి సమయంలో ఎవరు చూస్తారు, ప్యాడ్లు ఎక్కడ పెడతారు అన్నది మీ భార్యను తీసుకెళ్లి అడిగించండి, మీరడిగితే సగమే చెప్తారు. ఇంకో మాట. నెలసరి గోల లేకుండా గర్భసంచి తీయించేస్తే నయం అని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆమె ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని అదే చట్టం 10వ సెక్షన్‌లో ఉంది.

తర్వాత వంటింట్లోకి వెళ్లండి. హోమ్ మేనేజరు కంటే వంటామెకు ఎక్కువ తెలుస్తుంది, ఇది నా అనుభవం. ఎవరికి ఏ కూర ఇష్టం అని అడిగి చూడండి. ఆ పొట్టన్నకు పచ్చిపులుసు ఉంటే చాలు, ఆమె వంకాయ తినదు, ఈయనకు పళ్లు లేవు కాబట్టి జొన్నరొట్టె పాలలో నానబెట్టి ఇస్తా, అని గబగబా చెప్పుకుపోయిందంటే నా లెక్కలో ఆ హోమ్ సగం పాసయినట్టే. 'అందరూ అన్నీ తింటారు మేడమ్' అంటే మాత్రం అనుమానించండి. ఎవరి ఇంట్లోనైనా అందరూ అన్నీ తింటారా?

మనది నల్లగొండ కాబట్టి నీళ్ల సంగతి వేరుగా అడగాలి. ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ఊళ్లో వంగిపోయిన నడుములు చూసే పెరిగాం. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. భగీరథ నల్లా ఉంది అంటారు, ఉంటుంది, అది రాని రోజున ఏం తాగిస్తారు అని అడగండి. బోరు నీళ్లు మరిగించి ఇస్తాం అంటే, మరిగిస్తే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మోకాళ్లు నొప్పి అని నోరు తెరిచి చెప్పలేని మనిషి పదేళ్లపాటు ఆ నీళ్లే తాగితే ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

ఇక ఫిట్స్. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, అందుకే కనీసం పది రోజుల మాత్రలు ఎప్పుడూ చేతిలో ఉంటున్నాయా, ఎవరు వేస్తారు, వేశాక ఎక్కడ రాస్తారు అని చూపించమనండి. రాత్రి డ్యూటీలో ఉండే ఆయాను పిలిచి, మా చెల్లెకు ఇప్పుడు ఫిట్స్ వస్తే ఏం చేస్తావమ్మా అని అడగండి. పక్కకు ఒత్తిగిల పడుకోబెడతా, చుట్టూ ఉన్నవి తీసేస్తా, టైమ్ చూస్తా, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి ఫోన్ చేస్తా అనాలి. తాళాల గుత్తి చేతిలో పెడతా, నోట్లో చెంచా పెడతా అంటే ఆమెను తప్పుపట్టకండి, మన ఇళ్లల్లో కూడా అదే చేస్తాం, కానీ ఆమెకు ఎవరూ నేర్పలేదని అర్థం. ఎప్పుడైనా పగలు పదకొండుకు వెళ్తే నలుగురైదుగురు మత్తుగా పడుకుని ఉంటే ఎందుకు అని అడగండి. గోల చేయకుండా ఉండటానికి మత్తు మందులు ఎక్కువ వేయడం చాలాచోట్ల సులువైన దారి, డాక్టరు చీటీ చూపించమంటే ఎవరికి ఎంత రాశారో తేలిపోతుంది.

గదుల తలుపులకు గొళ్లెం బయట ఉందా లోపల ఉందా చూడండి. బయట ఉంటే రాత్రి తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి.

అన్నీ చెప్పాను గానీ మీ ఉత్తరంలో నాకు ఒక వెలితి కనపడింది. మీరు పోయి చూసొచ్చారు, మీ చెల్లె చూడలేదు. ఆమెను తీసుకెళ్లండి. ఒక పూట కూర్చోబెట్టి అక్కడే తినిపించండి, తర్వాత వారం ఒక రాత్రి ఉంచి చూడండి. మాటల్లో చెప్పలేకపోయినా గేటు దగ్గర ఆమె కాళ్లు ఎటు నడుస్తాయో మీకు తెలుస్తుంది, ఆమెకు అన్న కదా మీరు. తల్లి పోయిన ఏడాదిలోనే ఇల్లు కూడా మారడం ఆమెకు పెద్ద దెబ్బ, అమ్మ చీర ఒకటి ఆమె బట్టల్లో పెట్టి పంపండి.

ప్రశ్న: మేడమ్, మేము జడ్చర్ల దగ్గర 11 మంది పెద్దవాళ్లతో హోమ్ నడుపుతున్నాం. వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉందని కబురు వచ్చింది. నేనూ, నా భర్త, ఇద్దరు ఆయాలు, ఒక వంటమనిషి, అంతే స్టాఫ్. టెన్షన్‌గా ఉంది. సున్నాలు వేయించాలా, ఏమేమి సిద్ధం చేయాలి?

జవాబు: సున్నాల డబ్బులు మిగుల్చుకుని గ్యాస్ సిలిండరు వంటింటి బయటికి మార్పించండి. నిజంగా చెప్తున్నా.

ఒక సంగతి చెప్తాను, ఏ ఊరో అడగొద్దు. ఒక హోమ్‌కు వెళ్తే మంచాలన్నిటి మీదా కొత్త దుప్పట్లు, ప్యాకెట్ మడతలు గీతలు గీతలుగా ఇంకా అట్లాగే ఉన్నాయి. యాభై ఏళ్ల ఒకాయన తన మంచం పక్కనే నేల మీద ముడుచుకుని కూర్చున్నాడు. పైన కూర్చోండి అన్నా అంటే కూర్చోకుండా ఆయా మొహం వైపు చూశాడు. రోజూ ఆ మంచం మీద పడుకునే మనిషి అయితే అట్లా చూడడు. రిపోర్టులో మాత్రం 'పడక వసతి సంతృప్తికరం' అని రాశారు. కింద నేను కూడా సంతకం పెట్టాను, అది ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

రిజిస్టర్ల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఇన్‌స్పెక్షన్ కబురు రాగానే రాత్రంతా కూర్చుని ఆరు నెలల మందుల రిజిస్టరు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క టిక్కు కూడా తప్పకుండా నింపేస్తారు. కాస్త తెలిసిన వాళ్లెవరైనా ఆ పేజీలు తిరగేస్తే నవ్వుకుంటారు. రాయకుండా వదిలేసిన రోజులు ఉంటే ఉండనీయండి, ఈ రోజు నుంచి సరిగ్గా రాస్తున్నామని చెప్పండి. ఎవరు ఎప్పుడు పడ్డారు, ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు ఎవరిని కొరికారు అన్న రిజిస్టరు ఒకటి పెట్టండి. 11 మంది ఉన్న ఇంట్లో ఏడాదంతా ఎవరూ పడలేదు, ఎవరూ కొట్టుకోలేదు అంటే నమ్మేదెవరు? ఆ రిజిస్టర్లో తేదీ, ఏం జరిగింది, ఎవరికి ఫోన్ చేశారు, ఆ తర్వాత ఏం మార్చారు అని ఉంటే నాకు మీ మీద గౌరవం పెరుగుతుంది. నెల నెలా బరువు రాయండి. అందరి బరువూ మెల్లగా తగ్గుతోందంటే వంటింటి లెక్క అడగాల్సిందే, ఒక్కరిదే తగ్గుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఉంటే థైరాయిడ్ పరీక్ష ఏటా చేయించండి, వాళ్లకు ఆ సమస్య ఎక్కువ, నెమ్మదైపోయారు, బద్ధకం పెరిగింది అనుకుంటూ ఉండిపోతాం.

ఐదుగురు స్టాఫ్‌లో రాత్రి ఎవరుంటారో రాసి పెట్టండి. మీరిద్దరూ అక్కడే ఉంటారు కాబట్టి నడిచిపోతోంది, మీకు డెంగీ వచ్చి పడుకుంటే? ఆ ప్రశ్న ఇన్‌స్పెక్టరు అడగకపోవచ్చు, నేను అడుగుతున్నాను. పని చేసేవాళ్లందరి పోలీసు వెరిఫికేషన్ కాగితాలు ఫైల్లో ఉండాలి. మంటలార్పే సిలిండరు మీద తేదీ చూసుకోండి, అంతకంటే ముందు కరెంటు పోయిన రాత్రి ఈ 11 మందిని ఎన్ని నిమిషాల్లో వాకిట్లోకి తీసుకురాగలమో ఒకసారి నిజంగా చేసి చూడండి. నడవలేనివాళ్లు పై అంతస్తులో ఉంటే ఈ రోజే కిందికి మార్చండి.

పాలమూరు ఎండల గురించి కూడా ఒక మాట. రేకుల షెడ్డు అయితే మే నెలలో లోపల ఉండటం ఎవరివల్లా కాదు, అందులోనూ మానసిక సమస్యలకు కొన్ని రకాల మందులు వాడేవాళ్ల ఒళ్లు వేడిని సరిగ్గా తట్టుకోలేదు. దాహం వేస్తోందని చెప్పలేని వాళ్లకు గంట గంటకూ మీరే నీళ్లో మజ్జిగో అంబలో ఇవ్వాలి. రేకుల మీద పైన చొప్ప పరిస్తే చల్లబడుతుందని చేస్తుంటారు, నిప్పు సంగతి ఆలోచించి చేయండి, నాకైతే తెల్ల పెయింటే నయం.

రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి, రెన్యువల్‌కు కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. కొత్త దరఖాస్తు అయితే 90 రోజుల్లో ఏదో ఒకటి తేల్చి చెప్పాలని చట్టం అధికారులకూ గడువు పెట్టింది. కాదని చెప్పే ముందు మీ మాట వినాలి, ఆ తర్వాత అప్పీలు కూడా ఉంది. కాబట్టి అంత భయం వద్దు. స్టాఫ్‌కు ట్రైనింగ్ కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి జాతీయ సంస్థే ఉంది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. జడ్చర్ల నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, ఒకసారి వెళ్లి అడిగి రండి.

వచ్చిన అధికారి ఆఫీసు గదిలోనే టీ తాగి రిజిస్టర్లు చూసి లేచిపోతుంటే, సార్ మాతో పాటు అన్నం తినండి అని మీ 11 మందితో వరసలో కూర్చోబెట్టండి. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో, ఎవరు ఎవరికి వడ్డిస్తారో ఆ అరగంటలో ఆయనకే కనపడుతుంది. ఇంకొకటి, వాళ్లను 'మా పిల్లలు' అనడం మానుకోండి. ప్రేమతోనే అంటారు, తెలుసు. కానీ 45 ఏళ్ల మనిషిని పిల్లాడు అన్నంతకాలం తాళం మనమే వేస్తాం, సంతకు తీసుకెళ్లం, చేతిలో పది రూపాయలు కూడా పెట్టం.

ప్రశ్న: మా బిడ్డ ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో పని చేస్తది. అక్కడ ఇన్‌స్పెక్షన్ అంటే వణికిపోతారట, మార్కులు కూడా వేస్తారట. నా తమ్ముడిని ఇక్కడ హోమ్‌లో పెట్టినం. మన దగ్గర అట్ల ఎందుకు లేదు? – ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: మీ బిడ్డ చెప్పింది నిజమే. అక్కడ 2009లో మొదలైన కేర్ క్వాలిటీ కమిషన్ అని ఒక సంస్థ ఉంది, ఆస్పత్రులనూ కేర్ హోమ్‌లనూ అదే తనిఖీ చేస్తుంది. వాళ్లు అడిగేవి ఐదు ప్రశ్నలు. ఇక్కడ మనిషి భద్రంగా ఉన్నాడా, చేస్తున్నది పనికొస్తోందా, మనసు పెట్టి చూస్తున్నారా, మనిషిని బట్టి పద్ధతి మారుస్తున్నారా, నడిపేవాళ్లు సరిగ్గా నడుపుతున్నారా. దాన్ని బట్టి అద్భుతం, బాగుంది, మెరుగుపడాలి, పనికిరాదు అని నాలుగు మెట్లలో ఒకటి ఇస్తారు. అది హోమ్‌లో అందరికీ కనపడేలా పెట్టాలి, రిపోర్టు ఎవరైనా చదువుకోవచ్చు. నాకు నచ్చింది ఏమిటంటే, అలాంటి హోమ్‌లలో స్వయంగా ఉన్నవాళ్లను, వాళ్ల ఇంటివాళ్లను కూడా తనిఖీకి తీసుకెళ్తారు. జీతం తీసుకునే ఇన్‌స్పెక్టరు చూడనిది వాళ్లు చూస్తారు.

అయితే అక్కడ అంతా బంగారం అనుకోకండి. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అని మేధో వైకల్యం ఉన్నవాళ్ల ప్రైవేటు ఆస్పత్రి ఉండేది. అక్కడ పని చేసిన ఒక నర్సు లోపల జరుగుతున్నది చెప్పి మొత్తుకున్నా యాజమాన్యమూ, ఆ కమిషనూ సరిగ్గా పట్టించుకోలేదు. చివరికి 2011లో బీబీసీ విలేకరి ఒకతను స్టాఫ్‌గా చేరి రహస్య కెమెరాతో తీస్తే, రోగులను కొట్టడం, నేల మీద పడేసి తొక్కి పట్టడం దేశమంతా టీవీలో చూసింది. 11 మందికి శిక్షలు పడ్డాయి, ఆస్పత్రి మూతపడింది, కమిషన్ క్షమాపణ చెప్పుకుంది. ఐదు ప్రశ్నలూ నాలుగు మెట్లూ గట్టిపడింది ఆ తర్వాతే.

మన దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది, తనిఖీ ఉంది, మార్కులు వేసి గోడకు అంటించడం మాత్రం లేదు. ఎందుకు లేదని మీలాంటివాళ్లు సోమవారం ప్రజావాణిలో ఒక అర్జీ ఇచ్చి అడగాలి. నేనైతే హోమ్ గోడ మీద చివరి తనిఖీ తేదీ, అందులో చెప్పిన లోపాలు తెలుగులో ఒక పేజీ అంటించమని చాలు అంటాను, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఈలోగా మీ బిడ్డతో వీడియో కాల్‌లో మీ తమ్ముడి హోమ్ చూపించండి. ఆమె అదే పనిలో ఉన్న మనిషి, మీరు పదిసార్లు చూసినా దొరకనిది ఆమె కంటికి రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

ప్రశ్న: మా అన్న పెన్షన్ డబ్బులు, ఏటీఎం కార్డు హోమ్‌వాళ్లే పెట్టుకున్నారు. ఫీజు వేరే కడుతున్నం. ఇది కరెక్టేనా? – దేవరకొండ

జవాబు: కాదు. తెలంగాణలో వికలాంగుల పెన్షన్ 2023లో 4,016 రూపాయలు చేశారు, అది మీ అన్నది. ఫీజులో భాగంగా తీసుకుంటామంటే చేర్చేటప్పుడే కాగితం మీద రాసి, నెల నెలా రసీదు ఇవ్వాలి. కార్డూ పిన్నూ వాళ్ల దగ్గర ఉండటం మాత్రం ఎట్లా చూసినా తప్పే, రేపే వెళ్లి తీసుకోండి, ఇవ్వకపోతే బ్యాంకుకు వెళ్లి ఆపించండి.

ఇంకో విషయం, చాలామందికి తెలియదు. 18 దాటాక తల్లిదండ్రులైనా అన్నదమ్ములైనా చట్టప్రకారం దానంతటదే గార్డియన్ అయిపోరు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. అట్లా అయినవాళ్లు ఆస్తి వివరాలు ఆరు నెలల్లో ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. ఎవరైనా డబ్బు కాజేస్తున్నారని తేలితే తీసేయమని కూడా అదే కమిటీకి దరఖాస్తు పెట్టొచ్చు. అమ్మానాన్నలు ఉంటే వాళ్లు ఉండగానే ఈ పని చేయించుకోండి. అదే ట్రస్టు కింద నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, దానికీ అప్లై చేయండి, పళ్ల డాక్టరుకు కూడా వెళ్లకుండా ఏళ్లకేళ్లు గడిపేవాళ్లను చూశాను.

ప్రశ్న: వనపర్తి వైపు మా ఇంటి వెనక ఒక హోమ్ ఉంది. రాత్రుళ్లు ఏడుపులు వినపడతాయి. మొన్న మేడ మీద బట్టలు ఆరేస్తుంటే కిటికీ ఊచకు ఒక అబ్బాయి చేతిని చున్నీతో కట్టేసి ఉండటం చూశాను. మా ఆయన మనకెందుకు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఏడుపు ఒక్కటే అయితే కొంచెం ఆగి కనుక్కుందాం అనేదాన్ని, ఎందుకంటే మాటలు రానివాళ్లు పంటి నొప్పికీ, ఇంటి మీద బెంగకూ కూడా అరుస్తారు. కట్టేయడం చూశారు కాబట్టి ఆగకండి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన షెడ్డుకు తెల్లవారుజామున నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. కట్టేసినవాళ్లు కూడా వీళ్లు పారిపోతారు, దెబ్బలు తగిలించుకుంటారు అని వాళ్ల మంచికే అన్నట్టు చెప్పుకునేవాళ్లే.

హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉంటే ఎవరైనా సరే ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు తెలియజేయవచ్చని 2016 చట్టం 7వ సెక్షన్ చెప్తోంది, మన భాషలో అంటే తహసీల్దారో ఆర్డీవోనో. చుట్టం అయ్యుండాల్సిన పని లేదు. ఒక తెల్లకాగితం మీద ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి ఏం చూశారో అంతవరకే రాయండి, విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు. ఇంకో కాపీ జిల్లా సంక్షేమ అధికారికి ఇచ్చి, రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి. మళ్లీ కట్టేసి ఉండటం మీ కళ్ల ముందు కనపడితే అప్పుడే 112కు ఫోన్ చేయండి. వికలాంగులను నలుగురి ముందు కావాలని అవమానించినా, కొట్టినా, చూసుకోవాల్సినవాళ్లే తిండీ నీళ్లూ మానిపించినా 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంది. న్యాయ సలహా కావాలంటే 15100కు చేయండి, వికలాంగులకైతే ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఒక్కటి మాత్రం చేయకండి. ఆ అబ్బాయిని వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. అతని మొహం, అతని పరిస్థితి ఊరంతా చూస్తుంది, వాళ్లమ్మ కూడా అట్లానే చూడాల్సి వస్తుంది. మీ ఆయనకు మీ పేరు బయటపడుతుందని భయం అయితే వాడకట్టులో ఇంకో ఇద్దరితో కలిసి సంతకం పెట్టండి.

ప్రశ్న: మాది నారాయణపేట. మేము బొంబాయి పనికి పోతాం, తమ్ముణ్ని హోమ్‌లో పెట్టి పోతాం. దసరాకు ఇంటికి తెస్తే మళ్లీ పోయేటప్పుడు ఒకటే ఏడుపు. హోమ్ బాగలేకనా, ఇంటి మీద బెంగనా, ఎట్ల తెలుస్తది?

జవాబు: ఏడుపును బట్టి తెలియదు, హాస్టల్‌కు పోయే పిల్లలు కూడా ఏడుస్తారు. గేటు లోపలికి అడుగుపెట్టాక ఎవరి దగ్గరికి పోతాడో చూడండి. ఒక ఆయా దగ్గరికో, తోటివాడి దగ్గరికో తనంతట తను వెళ్లి నిలబడితే మనసు కొంచెం కుదుటపడుతుంది. గోడకు ఆనుకుని బిగుసుకుపోతే వెంటనే వెళ్లిపోకండి, ఆ పూట అక్కడే ఉండండి. రెండు రోజుల తర్వాత వీడియో కాల్ చేయమని అడగండి, సారును కాకుండా అతన్నే చూపించమనండి.

ఇంట్లో ఉన్నప్పుడు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. స్నానం చేయించేటప్పుడు వీపు, తొడలు, మణికట్లు చూడండి. అన్నం జేబులో దాచుకుంటున్నాడా, చెయ్యి ఎత్తితే మొహానికి మోచేయి అడ్డం పెట్టుకుంటున్నాడా, ఇదివరకు లేనిది పక్క తడుపుతున్నాడా. హోమ్‌లో ఉండేవాళ్ల ఫొటోలు ఫోన్‌లో తెచ్చుకుని ఒక్కొక్కటే చూపించండి, ఎవరి ఫొటో దగ్గర నవ్వుతాడో, ఎవరిది చూసి ఫోన్ తోసేస్తాడో గుర్తుపెట్టుకోండి. తోసేసిన మనిషి తప్పు చేశాడని అప్పుడే అనుకోకండి, మందులు మింగించే ఆయా అయినా కావచ్చు, కానీ అడగాల్సింది ఎవరినో తెలుస్తుంది.

పోయిన దసరాకు ఎంత బరువున్నాడో మీకు గుర్తుందా? లేదు కదా. ఈసారి వచ్చిన రోజునే తూకం వేయించి క్యాలెండర్ మీద రాసుకోండి, రేషన్ షాపు కాటా అయినా సరే.